కుట్టిందా, ముట్టిందా?

విశ్రాంతి తీసుకోవడానికి సముద్రం దాటిన మనిషిని అంతకు ముందు నా బతుకులో చూడలేదు. మా తాతల కాలంలో మావైపు నుంచి బర్మా దేశం, రంగం వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళింది కూలికి. ఓడ దిగినవాడు దిగినట్టే మూటలు మోశాడు. కొందరు తిరిగొచ్చారు, కొందరు అక్కడే మట్టిలో కలిసిపోయారు. అంతేగాని, ఒళ్ళు అలిసింది కదా అని ఒక దీవిని వెతుక్కుని, అక్కడ రెండు చెట్ల మధ్య కట్టిన వల ఉయ్యాలలో పడుకుని కళ్ళు మూసుకోవడానికి మనిషి ఊరొదిలి వెళ్తాడని ఎవరైనా చెబితే నేను దెబ్బలాడి ఉండేవాణ్ణి. అలాంటిది, ఈ వయసులో నేనే వెళ్ళాను. మా బావతో వెళ్ళాను.

నాది అనకాపల్లి. చెరుకాడే గానుగల ఇంజన్లు బాగుచెయ్యడం నా పని. అటు మాడుగుల నుంచి ఇటు నక్కపల్లి దాకా, ఆడుతూ ఆడుతూ ఆగిపోయిన గానుగ ఎక్కడుంటే అక్కడికి పనిముట్ల సంచీ సైకిలుకి తగిలించుకుని వెళ్ళేవాణ్ణి. బడి చదువు మూడో తరగతితో సరి. మిగతాదంతా లైబ్రరీ బల్ల దగ్గర, పకోడీ పొట్లాం కాగితాల మీద, ఇంజన్లతో పాటు వచ్చే పుస్తకాల్లో కూడబలుక్కుని నేర్చుకున్నదే. అలా నేర్చుకున్నవాడికి పేర్లంటే పట్టింపు ఉంటుంది. ఇంజన్ విప్పి కూర్చున్నప్పుడు ఎవరైనా “అదిలా అందుకో” అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. అదంటే ఏది? నట్టా, వాషరా, పిస్టన్ రింగా? దేవుడు ప్రతిదానికీ ఒక పేరు పెట్టుకోనిచ్చినప్పుడు, ఆ పేరెత్తడానికి మనిషికి నొప్పేమిటి?

మా బావంటే నా చెల్లెలి మొగుడు. రోలుగుంట దగ్గర చెరుకు రైతు. మేమిద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. పెళ్ళినాటి నుంచి నేటిదాకా మేం ఒకే మాట మీద నిలబడ్డది తక్కువ. మొన్న చెరుకు నరికే రోజుల్లో చేలోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. డాక్టరు చూసి, గుండెకి భయం లేదు గాని రెస్టు కావాలి అన్నాడు. ఇంటిదగ్గర రెస్టు ఇచ్చి చూశారు. మంచం మీద నుంచే కూలీల మీద కేకలేశాడు. ఆ కేకలకి బీపీ ఇంకాస్త పెరిగింది.

మా మేనకోడలు, అంటే బావ కూతురు, విశాఖలో బ్యాంకులో పనిచేస్తుంది. ఆరో తరగతి నుంచి హాస్టల్లో చదువుకున్న పిల్ల. “చేను కనబడినంతకాలం నాన్న పడుకోరు మామయ్యా. చేను కనబడని చోటికి తీసుకెళ్ళాలి,” అంది. తీరా చూస్తే ఆ చోటు అండమాన్లో ఒక చిన్న దీవి. టిక్కెట్లు కూడా కొనేసింది.

నా చెల్లెలు రానంది. “గేదెల్నెవులు సూత్తారు? గుంటకీ పిచ్చే, దాని బాబుకీ పిచ్చే. నువ్వెల్లన్నయ్యా, ఆయన్ని నువ్వయితేనే కసరగలవు,” అంటూ ఒక అచ్చు బెల్లంలోంచి ముక్క కొట్టి, గుడ్డలో కట్టి మొగుడి సంచీలో పెట్టింది. “గంగమ్మ తల్లికియ్యండి, సల్లగా దాటించినందుకు.”

బయలుదేరే ముందు బావ నన్ను పక్కకి పిలిచాడు.

“రెస్టంటే ఏటి బావా?”

“ఏ పనీ సెయ్యకుండా కూకోడం.”

“ఆ కూకోడమేదో మన సావిట్లో కూకుంటే అవదేటి? సముద్రం దాటాలేటి?”

జన్మలో మొదటిసారి మా ఇద్దరిదీ ఒకే మాట. కాని టిక్కెట్లు కొనేసిన పిల్ల ముందు మా మాటకి విలువేముంది?

విశాఖలో విమానమెక్కి, అండమాన్లో పెద్ద ఊళ్ళో దిగి, అక్కడి నుంచి పడవ మీద ఆ దీవికి చేరాం. దిగీ దిగగానే నాకు భయం వేసిన మాట నిజం. మా పూడిమడక సముద్రం అరుస్తుంది. ఒడ్డున నిలబడి మాట్లాడుకోవాలంటే మనమూ అరవాలి. ఈ సముద్రానికి నోరు లేదు. పళ్ళెంలో పోసిన నీళ్ళలా, అడుగున గులకరాళ్ళు కనబడుతూ, ఆకుపచ్చగా పడుంది. ఇసకేమో సున్నం జల్లినట్టు తెల్లగా ఉంది. బావ వంగి గుప్పెడు తీసి వాసన చూశాడు.

“ఇందులో ఏటి పండుద్ది బావా?”

“ఏటీ పండదు.”

“అందుకేనేటి, ఇక్కడ రెస్టు తీసుకుంటారు,” అని చేతులు దులుపుకున్నాడు.

రిసార్టు చూసుకునే ఆయన బెంగాలీ, యాభై దాటినవాడు. మాకు తడి తువ్వాళ్ళిచ్చి, కొబ్బరిబోండాల్లో కాగితం గొడుగులు గుచ్చి తెచ్చాడు. బోండానికి గొడుగెందుకని నేనడిగితే నవ్వాడు. బావ గొడుగు తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “మీ సెల్లికి సూపిత్తాను. నమ్మదు.” ఆ బెంగాలీ ఆయన ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాడు, మా మేనకోడలు తెలుగులో చెప్పింది: రాళ్ళ మీదికి వెళ్తే కాళ్ళకి బూట్లుండాలి.

బావ ఆ మాట అక్కడే కొట్టిపారేశాడు. “తల్లి మీద సెప్పులేసుకుని నడుత్తారేటి?” మా ఊరి సముద్రం దగ్గర కూడా అంతే. చెప్పులు దూరంగా విడిచి, నీళ్ళు నెత్తిన జల్లుకున్నాకే కాలు పెడతాడు. ఆ మర్యాద తప్పని నేననను. కాని మర్యాద వేరు, రాళ్ళు వేరు.

మొదటి రోజు రెస్టు తీసుకున్నాం. అంత కష్టమైన పని నేనింతవరకు చెయ్యలేదు. ఉయ్యాలలో పడుకుంటే నడుం పట్టేసింది. కుర్చీలో కూర్చుంటే కునుకు. కునుకు పడితే, భోజనానికి రమ్మని బెంగాలీ ఆయన. టీ అడిగితే దారం కట్టిన సంచీ ఒకటి వేణ్ణీళ్ళలో ముంచి ఇచ్చాడు. మర్నాడు సాయంత్రానికి నాకు ఓపిక చచ్చిపోయి, మన టీ లాంటి టీ దొరుకుతుందని ఎవరో చెబితే, పడవల రేవు దగ్గరున్న కొట్టుకి నడిచి వెళ్ళాను. బావ కూడా అప్పుడే, “తల్లికిచ్చే బెల్లం ఇంకా సంచీలోనే ఉండిపోయింది. ఇచ్చేసి వత్తాను,” అని నీళ్ళ వైపు వెళ్ళాడు. అది ఆటు వేళ. నీళ్ళు బాగా వెనక్కి తీసేసి, ఒడ్డు పొడవునా నల్లరాళ్ళు బయటపడ్డాయి. లోతు నీళ్ళు కావాలంటే ఆ రాళ్ళ మీద నుంచి చాలా దూరం పోవాలి. అతను వెళ్ళాడు. వట్టి కాళ్ళతో.

నేను టీ తాగి తిరిగొచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. మా మేనకోడలు వరండాలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. బావ ఉయ్యాలలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఈ మనిషి ఎట్టకేలకు పడుకున్నాడు, తెచ్చినందుకు ఫలితం దక్కింది అనుకుని సంతోషించాను కూడా.

“నాన్నకేదో పురుగు కుట్టింది మామయ్యా,” అంది పిల్ల, ఫోన్లోంచి తలెత్తకుండానే. “ఆయింట్‌మెంట్ రాశాను. ఎలర్జీ మాత్ర కూడా వేశాను. దానికే నిద్ర పట్టినట్టుంది.”

“ఏ పురుగు?”

“ఏదో ఇన్‌సెక్ట్. రిసార్టాయనకి కూడా చెప్పాను, ఇక్కడ అందరినీ కుడతాయంట, నవ్వేశారు.”

నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళబోతున్నవాణ్ణి ఆగిపోయాను. ఎందుకాగానో ఆ క్షణాన నాకే తెలియలేదు.

“మీ నాన్న ఏటన్నాడు? ఉన్నదున్నట్టు సెప్పు.”

“పురుగు కుట్టిందమ్మా అన్నారు.”

“కుట్టిందన్నాడా, ముట్టిందన్నాడా?”

పిల్ల ఇప్పుడు తలెత్తింది. “ఏదో ఒకటి మామయ్యా. ముట్టింది అన్నట్టే ఉన్నారు. రెండూ ఒకటే కదా?”

ఒకటి కాదు. మావైపు పుట్టినవాళ్ళెవరికైనా ఈ తేడా చెప్పక్కర్లేదు. చీమ కుడుతుంది, కందిరీగ కుడుతుంది, తేలు కుడుతుంది. ముట్టేది ఒక్కటే. ఆ ఒక్కదాని పేరు మాత్రం నోటితో అనరు. పేరెత్తితే అది వింటుందని, వస్తుందని, కాటు పడ్డాక పేరెత్తితే విషం తలకెక్కుతుందని. అందుకే చేలల్లో దాన్ని పురుగంటారు. అది కరిచిందనరు, ముట్టిందంటారు. ముట్టుకున్నంత మాత్రాన చచ్చిపోయినవాళ్ళు మా ఊళ్ళ చుట్టూ చాలామంది ఉన్నారు.

ఉయ్యాల దగ్గరికి వెళ్ళి బావ భుజం పట్టి కుదిపాను. రెప్పలు సగం లేచాయి.

“ఒరే బావా, లెగు. నిన్నేటి ముట్టింది?”

“పురుగు.”

“ఏ పురుగు? పామేనా?”

“ఆ పేరెత్తకు,” అన్నాడు మెల్లగా.

“మరి ఇక్కడెందుకు పడుకున్నావురా! ఎందుకు అరవలేదు? ఎందుకు మనుషుల్ని పిలవలేదు?”

బావ నా మొహంలోకి వింతగా చూశాడు. “గుంటకి సెప్పేను కదేటి. మందు రాసింది. సల్లగుంది. ఈ కాలంలో దీనిక్కూడా ట్యూబులో మందొచ్చేసినట్టుంది, మనకే తెలీదు అనుకున్నాను.”

నా జీవితంలో నన్ను కొట్టిన మాటలు చాలా ఉన్నాయి. ఇంతలా కొట్టింది లేదు. పాము కరిచిన మనిషి, దోమకాటుకి రాసే తెల్లమందు పాదానికి పూయించుకుని, చదువుకున్న కూతురు రాసిందంటే ఇదే వైద్యం కాబోలని నమ్మి, గాలికి ఊగుతూ పడుకున్నాడు! ఆ కూతురేమో తండ్రి మాట తెలుగే అయినా తెలియక, మాత్ర వేసి నిద్రపుచ్చింది. ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. అదే నాకు ఇంకా కోపం.

పిల్ల వెనకే నిలబడి అంతా విన్నది. పామన్న మాట చెవిన పడగానే ఫోను చేతిలోంచి జారి ఇసకలో పడింది. “పాము అని చెప్పొచ్చు కదా నాన్నా! ఒక్క మాట!” అని గొంతు చించుకుని అరిచింది. బావ చెవులు మూసుకున్నాడు.

బెంగాలీ ఆయన్ని నేనే కేకేశాను. నా హిందీ బెల్లం కొనడానికొచ్చే షావుకార్ల దగ్గర విన్నది. కొన్ని మాటలే ఉన్నాయి, అవి చాలాయి. “సాంప్! సాంప్!” అని బావ కాలు చూపించాను. ఆ మనిషి మొహంలో నవ్వు ఎండిపోయింది. పరిగెత్తి జీపు తెచ్చాడు. బావని నడవనివ్వలేదు, మోసుకెళ్ళాం. చీలమండ పక్కన ముళ్ళు గుచ్చుకున్నట్టు రెండు చిన్న గుర్తులు. వాపు లేదు. చుట్టూ తెల్లమందు ఇంకా మెరుస్తోంది.

జీపులో పిల్ల తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. బావ మాత్రం రోడ్డుకి అటూ ఇటూ ఉన్న వక్కచెట్లు చూస్తున్నాడు. ఈ మనిషి ఆ పేరు ఎందుకెత్తడో నాకు తెలుసు. నా చెల్లెలితో పెళ్ళికి చాలా ముందు మాట, అప్పటికి అతనికి మీసాలు కూడా సరిగా రాలేదు. వాళ్ళ ఊళ్ళో గానుగ ఇంజన్ పట్టేస్తే బాగుచెయ్యడానికి వెళ్ళి, అక్కడే ఉన్నాను. చెరుకు నరుకుతుంటే ఎండుటాకు కింద నుంచి అది వాళ్ళ అన్నయ్య కాలు పట్టుకుంది. ఇతను చేలోంచి ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చి, “అన్నియ్యని పాము కరిసీసింది, పాము కరిసీసింది,” అని వీధి వీధంతా అరిచాడు. బండి కట్టండి, ఆసుపత్రికి తీసుకెళ్దాం అని నేను మొత్తుకున్నాను. పెద్దవాళ్ళు వినలేదు. మంత్రగాణ్ణి పిలిచారు. వేపమండలు, పసుపునీళ్ళు, మంత్రాలు. మనిషి పోయాక, ఆ మంత్రగాడు చేతులు దులుపుకుని, ఊరంతా వింటుండగా అన్నాడు: “పేరెత్తి అరిసేరు. ఇంక మంత్రమెక్కడ పని సేత్తాది?” అందరూ తలలు తిప్పి ఈ కుర్రాడి వైపు చూశారు.

ఆ చూపులు నేను మర్చిపోలేదు. ఆ ముసలాళ్ళలో ఒక్కడు కూడా ఇప్పుడు లేడు, ఉంటే ఈనాటికీ అడిగేవాణ్ణి. ఆ రోజు నుంచి బావ నోట ఆ పేరు రాలేదు. ఆ రోజు నుంచే నేను, ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ, పెళ్ళిపందిట్లో కూడా, పాము పాము అని గట్టిగా అంటూ వచ్చాను. నాకు చేతనైన దెబ్బలాట అదొక్కటే.

ఆ దీవి ఆసుపత్రి మన సావిడంత ఉంటుంది. డాక్టరమ్మ వయసులో మా మేనకోడలికంటే చిన్నది. హిందీలో అడుగుతోంది, మా పిల్ల తెలుగులో తండ్రికి చెబుతోంది. కాలికి వేళ్ళ నుంచి తొడ దాకా గుడ్డపట్టీ బిగించి, చెక్కబద్ద కట్టి, కదలొద్దంది. కరిచిన దాన్ని చూశారా అని అడిగింది.

“ఎలాంటి పామో చెప్పు నాన్నా.”

“పేరెత్తకమ్మా,” అన్నాడు బావ, అక్కడ కూడా. తర్వాత కళ్ళు మూసుకునే చెప్పాడు. “నల్లతాడు మీద సున్నంతో సుట్లు గీసినట్టుంది. తోక కోసుగా నేదు. మన బెల్లం తెడ్డులాగ సదునుగా ఉంది. రాయి సందులోంచి నీట్లోకెల్లిపోయింది.”

పిల్ల ఏడుపు మింగుతూ ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ తన ఫోన్లో ఒక బొమ్మ తీసి బావ మొహం ముందు పెట్టింది. బావ తల పక్కకి తిప్పేసుకున్నాడు. ఆవిడ ఫోను అటు తిప్పింది, ఇతను ఇటు తిప్పుకున్నాడు. నేను గడ్డం పట్టుకుని తిప్పాను. ఒక కన్ను కొంచెం తెరిచి, చూసి, తల ఊపి, మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు.

అది సముద్రంలో బతికే జాతి అంది డాక్టరమ్మ. మంచి విషమే, కాని అది కరిచినా చాలాసార్లు విషం వదలదట. వదిలిందో లేదో ఇప్పుడే తెలియదు. దానికి విరుగుడు తన దగ్గర లేదు. ఒళ్ళు నొప్పులు మొదలైనా, మాట ముద్దయినా, రెప్పలు వాలినా, వెంటనే పడవ పిలిపించి పెద్దాసుపత్రికి పంపాలి.

రెప్పలు వాలినా అన్న మాట దగ్గర మా మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ రెప్పలు అప్పటికే వాలుతున్నాయి. అది విషమా, పిల్ల వేసిన మాత్రా? పిల్ల ఆ మాత్ర పేరు చెప్పింది. డాక్టరమ్మ మొహంలో విసుగు వచ్చి, మాయమైంది. “అయితే రెప్పల్ని నమ్మలేం. మాటనే చూడాలి. మాట్లాడిస్తూ ఉండండి,” అంది. పడవ వాళ్ళకి ఫోను చేసి సిద్ధంగా ఉండమని కూడా చెప్పింది.

మాట్లాడించడమంటే నాకప్పజెప్పాల్సిన పనే. పెళ్ళిలో కూర చాలలేదని వాళ్ళవాళ్ళు చేసిన రభస దగ్గర మొదలుపెట్టాను. “సాలలేదు కాదు, మీవోలు దాసేసుకున్నారు,” అన్నాడు. మాట శుభ్రంగానే ఉంది. వాళ్ళ మడిచెక్కల పేర్లడిగాను. గేదెల ఈతలడిగాను. నా చెల్లెలికి చెప్పొద్దని మధ్యలో ఒట్టు పెట్టించుకున్నాడు. “తెల్లారేదాకా దానికి సెప్పకండి. అది గేదెల దగ్గర ఒక్కర్తీ ఉంటాది.” అడగడానికేమీ మిగలనప్పుడు నా పాత దెబ్బలాట గుర్తొచ్చింది.

“పాము అను.”

“పురుగు.”

“పాము.”

“పురుగంటన్నాను కదేటి. సెవుడా?”

పిల్ల వైపు చూశాను. స్పష్టంగా ఉంది కదా అన్నట్టు తలూపింది. అది మాకొక పరీక్షయిపోయింది. కాసేపటికోసారి పాము అనమంటాను. పురుగంటాడు. డాక్టరమ్మ వచ్చి కళ్ళలో లైటు వేసి చూసి వెళ్తుంది. మళ్ళీ అనమంటాను. ఎప్పటి నుంచో తెలియదు గాని, అడుగుతూనే నాలో ఒక భయం పెరిగింది. ఈ మనిషి ఇప్పుడు గనక పాము అన్నాడా, మతి తప్పినట్టే. ఇన్నేళ్ళు ఏ మాట అనిపించాలని పోట్లాడానో, ఆ మాట వినబడకూడదని మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నాకు నేనే వింతగా ఉన్నాను.

కిటికీ కొంచెం తెల్లబడుతుండగా బావ పెదాలు కదిలాయి. అడక్కుండానే.

“పా…” అన్నాడు.

“ఒద్దు బావా,” అని చెయ్యి పట్టుకున్నాను. పిల్ల లేచి నిలబడింది, డాక్టరమ్మని పిలవడానికి.

“పాలు పితికీసుంటాదా మీ సెల్లి, ఈపాటికి?”

మేమిద్దరం ఒక్కసారే నవ్వామో ఏడ్చామో నాకు గుర్తు లేదు. తనని చూసి ఎందుకు నవ్వుతున్నామో తెలియక బావకి కోపం వచ్చింది.

పొద్దెక్కాక డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసింది. చెయ్యి బిగించమంది, మెడ ఎత్తమంది, నాలుక చాపమంది. కండరాల నొప్పి లేదు. మూత్రం రంగు మారలేదు. రెప్పలు వాలడం లేదు. రాత్రి వాలింది మాత్ర మత్తుకేనని తేల్చింది. “కరిచింది గాని విషం వదల్లేదు. మీ అదృష్టం,” అని మా పిల్లతో అంది. బావకి అది చెబితే, “తల్లికి బెల్లమిచ్చేను కదా,” అన్నాడు. బెల్లమిచ్చినందుకే కదా అక్కడికి వెళ్ళింది, వెళ్ళినందుకే కదా కరిచింది అని నేనడగబోయాను.

అప్పుడు మోగింది ఫోను. నా చెల్లెలు. రాత్రి నుంచి మొగుడు ఫోనెత్తలేదని కంగారు. మా మేనకోడలు స్పీకరు పెట్టింది. ఇప్పుడైనా ఈ పిల్ల ఉన్న మాట ఉన్నట్టు చెబుతుందని చూస్తున్నాను. చదువుకున్నది, ఒక్క అక్షరం తేడాతో తండ్రిని పోగొట్టుకోబోయినది.

“అమ్మా, నాన్నకి పురుగు ముట్టింది,” అంది.

‘ము’ని ఎంత జాగ్రత్తగా పలికిందో! రాత్రంతా సాధన చేసినట్టు.

అటు వైపు ఒక్క క్షణం కూడా ఆలస్యం లేదు. “ఓలమ్మో! ఎప్పుడే? ఎక్కడ ముట్టింది, కాలా సెయ్యా? నిద్దరోనిచ్చేరేటి? డాట్రు దగ్గిరికెల్లేరా?” డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలన్నీ, గేదెల దగ్గర నిలబడి, చెంబు చేతిలో పట్టుకుని అడిగేసింది. ఏ పురుగని అడగలేదు. పిల్ల అన్నిటికీ జవాబు చెప్పింది. బాగానే ఉన్నారని, ఇడ్లీ తింటున్నారని చెప్పింది. అటు వైపు ఏడుపు తగ్గాక ఇంకో ప్రశ్న వచ్చింది.

“ఎవులన్నా పేరెత్తేరేటే?”

పిల్ల నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

“మామయ్యే, అమ్మా. రాత్రంతా.”

“అన్నయ్యకియ్యి ఫోను!”

ఫోను నా చేతికొచ్చింది. నా దగ్గర జవాబులున్నాయి. ఒక జన్మంతా కూడబెట్టుకున్నవి. పేరెత్తకపోవడం వల్లే కదమ్మా, నీ కూతురు దోమల మందు రాసింది! ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా మంచం మీద బావ, ఇడ్లీ ముక్క చేత్తో పట్టుకుని, నా నోటివైపే చూస్తున్నాడు. వీధిలో అందరూ తల తిప్పి చూసిన ఆనాటి కుర్రాడే మళ్ళీ అక్కడ కూర్చున్నట్టు ఉంది.

“ఏటి అన్నియ్యా, నువ్వయినా సరిగ్గా సెప్పు,” అంటోంది చెల్లెలు. “నిజంగా బాగున్నాడా? ముట్టింది పురుగేనా?”

“పురుగే,” అన్నాను.

బావ ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నములుతుండగానే కళ్ళు మూతలు పడుతున్నాయి. కంగారుగా డాక్టరమ్మని చూశాను. ఇంక ఫర్వాలేదు, పడుకోనివ్వండి అని చేత్తో సైగ చేసింది. పిల్ల తండ్రి చేతిలోని పళ్ళెం తీసి పక్కన పెట్టింది. మధ్యాహ్నం పెద్ద ఊరికి పోయే పడవ వచ్చి, ఆగి, మేం ఎక్కకుండానే వెళ్ళిపోయింది. రేవు నుంచి దాని కూత వినిపించింది. బావ కదల్లేదు. అంత గాఢంగా నిద్రపోతున్న మా బావని నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. చొక్కా జేబులోంచి ఆ కాగితం గొడుగు సగం బయటికొచ్చి, అతని ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతోంది.